బాపు కోసం పెట్టిన ఏసీ స్విచ్చి

నేను కార్ల కరెంటు పని చేస్త. చిట్యాల రోడ్డు మీద చిన్న షెడ్డు నాది. ఐదో తరగతి దాకనే చదివిన, రాసుడు అలవాటు లేదు. తప్పులుంటే ఏమనుకోకుండ్రి. మా బాపు ముచ్చట ఒకటి ఉన్నది. లోపల్నే పెట్టుకుంటే నిద్ర పడ్తలేదు.

మా ఊరి బోరు నీళ్లు ఫ్లోరైడు నీళ్లు. ఇప్పుడు నల్లాల మంచి నీళ్లు వస్తున్నయ్ గని, బాపు అప్పటికే బతుకంత ఆ నీళ్లే తాగిండు. అరక దున్నిన మనిషి, నడుము కట్టె లెక్క అయ్యింది. మెడ తిరగదు. మోచేతులు సగం వంగి గట్లనే పట్టేసినయ్, చాపరాదు. అంగి గుండీలు నేను పెట్టాలె, బువ్వ అమ్మ తినిపియ్యాలె.

నెలకోసారి పట్నం దవాఖానకు తీస్కపోవాలె. దానికోసమే ఒక పాత కారు కొన్న. దాని ఏసీ బటన్ల బోర్డు కాలిపోయి ఉండె. ఆ బోర్డు ఇప్పుడు యాడ దొరకదు. అసుంటి బండ్లకు నేను కంప్రెషర్ నుంచి వేరే వైరు గుంజి, కొత్త స్విచ్చి పెడ్త. స్విచ్చి యాడనన్న పెట్టొచ్చు. అప్పుడు నాకు అనిపిచ్చింది, బాపు కూసునే దిక్కు పెడ్తే ఎట్లుంటదని. దినమంత ఆయనకు ఒకరు చేసిపెట్టుడే. గిదొక్కటన్న తన చేత్తోని తను వేసుకుంటడు గద.

కారు ఎక్కుడు బాపుకు శానా కష్టం. ఇద్దరం పట్టుకొని కూసోబెట్టి, ఆయెనక కాళ్లు లోపలికి తిప్పాలె. కొలత కోసం ఎందుకు సతాయిచ్చుడు అని ఆయన్ను పిలవలే. నేనే ఆ సీట్ల కూసున్న. పదేండ్ల సంది గుండీలు పెడ్తున్న, ఆ చెయ్యి ఎంత వంగిందో నాకు తెల్వదా? నా మోచెయ్యి గట్లనే వంచి, డ్యాష్‌బోర్డు మీద వేలు ఆనిన కాడ సుద్దతోని గీత పెట్టిన. బొక్క కోసి, అంచులు ఆకురాయితోని రాకి, పచ్చ లైటు స్విచ్చి బిగించిన. బండి స్టార్టు చేసి నొక్కితే ముందట కంప్రెషర్ టక్కుమన్నది, సల్లగాలి వచ్చింది.

బాపును డోరు కాడ నిలబెట్టి నొక్కి చూపిచ్చిన.

"గిది నీదే బాపు. నన్ను అడిగే పని లేదు. వేస్కో, బంజేస్కో."

ఆయన నవ్విండు. "స్విచ్చి పెట్టినవ్, మరి స్టీరింగు ఎప్పుడు పెడ్తవురా?"

వాకిట్లకెళ్లి అమ్మ, "స్టీరింగు ఇస్తే మనందర్ని చెర్లకే తోల్తడు" అన్నది.

ఎండాకాలం ముగ్గురం పట్నం పోతున్నం. అద్దాలు ఎక్కిచ్చినం. బాపుకు చెమట కారుతాంది గని ఏసీ వేస్తలేడు.

"వెయ్ బాపు."

"వద్దు బిడ్డా, సలి పెడ్తది."

"ఇంతెండల సలా? డీజిలు నేను పోస్తున్న గద, గింత కంజూసేంది?"

నేను నవ్విన, బాపు గూడ నవ్విండు.

జర సేపటికి లారీల ఎనక బండి ఆగింది. నేను ముందట చూస్తున్ననని అనుకున్నడేమో, బాపు చెయ్యి ఒడిలకెళ్లి లేసింది. నడుము వంగదు, భుజం ఎంత నెట్టినా రాదు. స్విచ్చికి ఇంక నాలుగు వేళ్ల దూరం ఉండంగనే వేలు ఆగిపోయింది. ఇంకోసారి నెట్టిండు. ఆయెనక చెయ్యి మెల్లగ మోకాలి మీదికి తెచ్చుకొని, దోతి సదురుకుంటున్నట్టు చేసిండు.

అప్పుడు సమజైంది. కొలిచిననాడు నేను చెయ్యి వంచి పెట్టిన గని, నడుము సంగతి మరిచిన. తెల్వకుంటనే ముందుకు ఒరిగి గీత పెట్టిన.

ఏం చూడనట్టు పక్కకొరిగి నేనే నొక్కిన. "అబ్బ, నాకు ఉడుకపోస్తాంది" అన్న. బాపుకు మెడ తిరగదు గద, కండ్లు మాత్రం కిటికీ దిక్కు తిప్పుకున్నడు.

ఆ స్విచ్చి జరుపుడు అర్ధగంట పని. గని ఈసారి ఆయన్నే కూసోబెట్టి "బాపు, చెయ్యి చాపు, యాడి దాక వస్తదో చూస్త" అనాలె. నాకు నోరు రాలే. నేను చూసిన అని ఆయనకు తెలుస్తది. దినాం గుండీలు పెట్టెటోన్ని, గా ఒక్క మాట అననీకి సిగ్గైంది. రేపు, ఎల్లుండి అనుకుంట ఉన్న. ఆయెనక పట్నం పోయినప్పుడల్ల "నాకు ఉడుకపోస్తాంది" అనుకుంట నేనే వేసిన. వానలు పడ్డంక బాపు పోయిండు.

దినాల నాడు బాపు దోస్తు వచ్చిండు, మా ఊరి దర్జీ, సాయిబు తాత. నన్ను పక్కన కూసోబెట్టుకున్నడు.

"మీ బాపు నా దుకాణంల కూసుంటే అదే ముచ్చట బేటా. 'నా కొడుకు నాకోసం స్విచ్చి పెట్టిండు, నేనే వేస్త, నేనే బంజేస్త, వాన్ని గూడ ముట్టనియ్య' అనేటోడు. 'అరే, పట్నం పొయ్యేదాక అదే పనా నీకు?' అని నేను దిల్లగి చేసేటోన్ని."

నా భుజం మీద చెయ్యేసిండు. "మంచి పని చేసినవ్ బేటా."

నేను తలకాయ ఊపిన. చాయ్ తెస్తనని లేసి లోపలికి పోయిన. అమ్మ పొయ్యి కాడ ఉన్నది, ఆ మాటలు ఇన్నది. కారుల ఎప్పుడూ ఎనక సీట్లనే కూసునేది ఆమె, స్విచ్చి ఎవరు నొక్కేదో ఆమెకు తెలుసు.

గిలాసలు నా చేతికి ఇచ్చుకుంట మెల్లగ అన్నది, "అందరికీ గట్లనే చెప్పెటోడు రా. ఎవరన్న అడిగితే నన్ను గూడ గట్లనే చెప్పుమన్నడు."