నలభై రెండు సెకన్ల సాకీ

నారాయణఖేడ్ బస్ డిపో ఎదురుగా ఉన్న డబ్బా కొట్ల వరుసలో స్టాన్లీది నాలుగోది. ఇద్దరు లోపలికొస్తే మూడోవాడు ఎండలో నిలబడాల్సిందే. బోర్డు మీద సెల్ పాయింట్ అని రాసి ఉంది గానీ, జనానికి అది పాటలెక్కించే దుకాణం. మెమరీ కార్డు చేతిలో పెడితే పాటలెక్కిస్తాడు, మూగబోయిన ఫోనుకు స్పీకరు మారుస్తాడు. ముప్పై తొమ్మిదేళ్లకే ఆ పని మీద అతనికి అరవై ఏళ్లవాడికి ఉండాల్సినంత విసుగు వచ్చేసింది.

ఊరికే రాలేదు ఆ విసుగు. ఇంటర్ తప్పిన ఏడాది క్యాసెట్ల దుకాణంలో చేరాడు. పని చేతికొచ్చేసరికి క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి. అప్పుడు ఒక వీడియో మిక్సింగ్ యూనిట్లో కుదిరి పెళ్లిళ్లకూ, చర్చి కూటాలకూ సీడీలు చేశాడు. అదీ వంటబట్టేసరికి ఇంటింటికీ కెమెరా ఫోనొచ్చి యూనిట్ మూతపడింది. చివరికి ఈ డబ్బా పెట్టుకున్నాడు. "చదువుకున్నోళ్లు ఒక్కపారి చదివి బతుకంత తింటరు. నేను రెండేండ్లకోపారి అఆలు దిద్దాలె," అని భార్య రోజతో అనేవాడు. రోజ నవ్వేది. అతనికి మాత్రం నవ్వొచ్చేది కాదు.

2012 ఎండాకాలంలో, వారానికోసారి జరిగే అంగడి రోజున మనూర్ అవతలి పల్లె నుంచి అమృతమ్మ, ఆమె భర్త ప్రేమదాసు ఆ డబ్బా దగ్గరికి వచ్చారు. ప్రేమదాసు కూలికి పోయే మనిషే. కానీ జాతరలో డోలక్ ముందు పెట్టుకుని కీర్తన ఎత్తుకున్నాడంటే పందిరి చివర ఉన్నవాళ్లకు కూడా మైకు అక్కర్లేదనేవాళ్లు. రెండేళ్ల కింద గొంతులో గడ్డ లేస్తే పట్నం దవాఖానలో ఆపరేషన్ చేసి మనిషిని మిగిల్చారు, గొంతును మిగల్చలేకపోయారు. అప్పటి నుంచి మెడకు తెల్లగుడ్డ అడ్డం కట్టుకుని, ఏది చెప్పాలన్నా చేతులతోనే చెబుతున్నాడు.

అమృతమ్మ సంచిలోంచి గీతలు పడ్డ సీడీ ఒకటి తీసింది. 2003లో మిషన్ కాంపౌండులో జరిగిన పాటల కూటం వీడియో అది. కవరు మీది రంగు అక్షరాలు తాను దిద్దినవేనని స్టాన్లీ గుర్తుపట్టాడు. కాస్త మురిసిపోయాడు కూడా.

"గిండ్ల మాయన పాట ఉన్నది బిడ్డా. ఫోన్ల ఎక్కియ్యి," అంది అమృతమ్మ. "ఆయన గొంతు నాకు యాదికి వస్తలేదు. ఎంత యాది చేసుకున్నా వస్తలేదు. మనిషి పక్కనే కూసుంటడు, గొంతే దొరకదు. భయమైతుంది నాకు."

"ఇంట్ల సీడీ పెట్టుకొని చూస్తలేరా పెద్దమ్మా?"

"మాకు టీవీ యాడిది? గప్పుడు చర్చి అయ్యగారింట్ల ఒక్కపారి చూసినం. పోరగాండ్ల లొల్లిల ఏమినవడ్డది? నాకా చెవులు జర మందం."

"అర్ధగంటల చేసిస్త," అన్నాడు స్టాన్లీ. ఆ అరగంటకు మూడు అంగళ్లు పట్టాయి.

వాళ్ల దగ్గరున్నది అల్లుడు కొనిచ్చిన చైనా ఫోను. వెనక నాలుగు స్పీకర్లు, ఊరంతా వినబడే గోల, లోపల చూస్తే అంతా డొల్ల. వీడియో నుంచి పాటను విడదీసి కార్డులో వేస్తే కంప్యూటర్లో చక్కగా పాడింది, ఫోను మాత్రం తనకది తెలియని ఫైలంది. అప్పుడు స్టాన్లీ ఆ వరుసలోని డబ్బాలవాళ్లంతా చేసే పనే చేశాడు. ఫైలు పేరు చివర ఉన్న అక్షరాలు చెరిపేసి ఎంపీత్రీ అని తగిలించాడు. ఫోన్లో పాట పేరు కనబడింది, నొక్కితే చప్పుడు లేదు. నీళ్ల కుండ మీద పాలని రాసినంత మాత్రాన తోడుకుంటుందా? ఇంతలో కరెంటు పోయింది. పల్లెకు పోయే ఆటో నిండుతోందని ముసలివాళ్లు లేచారు.

రెండో అంగడి నాటికి మార్పిడి సాఫ్టువేరు ఒకటి సంపాదించి నిజంగానే ఎంపీత్రీగా మార్చాడు. అయినా తెరుచుకోలేదు. సగం రోజు తల కొట్టుకున్నాక తెలిసింది, ముచ్చటపడి ఫైలుకు తెలుగులో ప్రేమదాసు పాట అని పేరు పెట్టాడు. ఆ ఫోనుకు తెలుగు రాదు. పేరు ఉన్నచోట ఖాళీ గళ్లు చూపించి మొండికేసింది. పేరు తీసేసి ఒకటి అని అంకె పెడితే తెరుచుకుంది గానీ, ఫైలు బరువు మోయలేక అడుగడుక్కీ నత్తి కొట్టింది. ఇక నా వల్ల కాదు పొమ్మందామని స్టాన్లీ నోటిదాకా వచ్చింది. అమృతమ్మ మెట్టు మీద కూర్చుని జొన్నరొట్టె తుంచి సగం అతని చేతిలో పెట్టింది. రొట్టె తింటూ పొమ్మనడం అతనికి చేతకాలేదు.

ఇన్నిసార్లు ఆడించి చూసినా, అతను ఒక్కసారీ పాట మొత్తం వినలేదు. పాడుతుందా లేదా చూడడమే ఆ పనిలో వినడం. మొదట డోలక్ లేకుండా, తాళం లేకుండా ప్రేమదాసు ఒంటిగా ఎత్తుకునే సాకీ నాలుగు ముక్కలు చెవిన పడగానే ఆపేసేవాడు.

మూడో అంగడికి ఫైలు బరువు సగానికి సగం తగ్గించి ఎక్కించాడు. ఈసారి నత్తి లేదు. "ఇగ చివరిదాంక ఇనుండ్రి," అని ఫోను బల్ల మీద పెట్టి వెనక్కి వాలాడు.

సాకీ మొదలైంది. నలభై రెండు సెకన్లు. బొంగురుగా, పొలంలో పిలిచినట్టుండే ఆ గొంతు ఆ చిన్న డబ్బాను నింపేసింది. తర్వాత డోలక్ మీద దెబ్బ పడి పల్లవి అందుకుంది. స్టాన్లీ ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాడు. పల్లవి పాడుతున్నది ప్రేమదాసు కాదు.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఆ రోజు వేదిక పక్కనే జనరేటర్ పెట్టారు. సాకీ కాగానే అది మొదలై పాటనంతా మింగేసింది. సౌండు చెడితే అదే పాట ఉన్న క్యాసెట్ తెచ్చి బొమ్మ మీద పరచడం మిక్సింగ్ యూనిట్లలో మామూలే. జనం తమ మొహాలు ఎక్కడ పడ్డాయో చూసుకుంటారు గానీ పాట ఎవరు వింటారు? పట్నం గాయకుడెవరో పాడిన అదే కీర్తనను స్టాన్లీయే తెచ్చి, అతుకు తెలియకుండా అతికించాడు. యజమాని వీపు తట్టాడు. అసలు టేపు మీద ఆ మరుసటి వారమే ఎవరిదో పెళ్లి తీశారు. ఇక ఎక్కడ వెతికినా ఆ పాట లేదు.

"గదే! గదే మాయన గొంతు!" అమృతమ్మ రెండు చేతులతో ఫోనును చెవికి అదుముకుంది. కళ్లు కారిపోతున్నాయి. "యాదికొచ్చింది బిడ్డా! గిట్లనే పాడుతుండె!"

స్టాన్లీ ముందుకు వంగాడు. ఏం చెప్పినా తప్పే, చెప్పకున్నా తప్పే. "పెద్దమ్మా, గది..." అన్నాడు.

ప్రేమదాసు చెయ్యి వచ్చి అతని మణికట్టు మీద పడింది. కూలి చేసిన చెయ్యి, గట్టిగా పట్టుకుంది. వద్దన్నట్టు తలూపాడు ముసలాయన. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. అయ్యగారింట్లో చూసిన రోజే ఆయనకు తెలిసిపోయిందని స్టాన్లీకి అప్పుడు అర్థమైంది. పరాయివాడి గొంతు తన నోటికి అతికించి ఉండడం చూసి కూడా, ఆలి మురిపెం చెడగొట్టడం ఇష్టంలేక తొమ్మిదేళ్లు మెదలకుండా ఉన్నాడు. గొంతు ఉన్నన్నాళ్లూ చెప్పనివాడు ఇప్పుడు చెప్పనిస్తాడా?

అమృతమ్మ పాట మోగిస్తూనే అంగట్లోకి నడిచింది. ఎదురైనవాళ్లందరినీ ఆపి, మాయన పాట ఇనుండ్రి అని వినిపించింది. ప్రేమదాసు ఆమె వెనక తల వంచుకుని నడిచాడు.

ఆ సాయంత్రమే స్టాన్లీ సాకీ మటుకు కత్తిరించి కంప్యూటర్లో దాచాడు. మరుసటి అంగడికి ప్రేమదాసు ఒక్కడే వచ్చాడు. కార్డులో ఎక్కించనా అంటే చేతులు అడ్డంగా ఊపాడు. ఒక్క సాకీ విడిగా వింటే తేడా ఆమె చెవికి అందుతుందని ఆయన భయం. స్టాన్లీ ఇయర్‌ఫోన్లు ఇచ్చి ముక్కాలిపీట జరిపాడు. ముసలాయన కళ్లు మూసుకుని నలభై రెండు సెకన్లు విన్నాడు, లేచి అతని భుజం తట్టి బస్సుకు పోయాడు.

తర్వాతి అంగడికీ వచ్చాడు, ఆ తర్వాతి అంగడికీ వచ్చాడు. ప్రతిసారీ ఒక్కసారే వినేవాడు, ప్రతిసారీ భుజం తట్టేవాడు. జరిగింది నా చేతుల మీదుగానే పెద్దనాయినా అని స్టాన్లీ ఒకరోజు కాళ్లు పట్టుకుంటే, తెలుసన్నట్టు మళ్లీ భుజమే తట్టాడు. ఒక్కసారి నోరారా తిట్టిపోతే బాగుండునని స్టాన్లీ ఎంతగానో కోరుకున్నాడు. తిట్టడానికైనా ఆయన దగ్గర గొంతు లేదు.