సువార్తకు సరిపోయే బండి

ఆర్థర్ దృష్టిలో బండి అంటే మిలటరీ బండే. మిగతావన్నీ పిల్లల ఆటవస్తువులు. తిరుమలగిరిలో మిలటరీ వాళ్ళ దగ్గర సివిలియన్ డ్రైవరుగా చేరి, జుట్టు నెరిసేదాకా పెద్ద ట్రక్కులు నడిపి రిటైరైన మనిషి కదా, ఆ మాత్రం గీర ఉండడంలో వింతేమీ లేదు. వీధిలో ఎవరైనా కొత్త కారు కొని మిఠాయి పంచితే, మిఠాయి నోట్లో వేసుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద వేలితో కొట్టి చూసి, "రేకు పల్చగుంది" అనేవాడు. కొన్నవాడి సంతోషం అక్కడికక్కడే సగం దిగిపోయేది.

అతనికి ఇంకో అలవాటు ఉండేది. ఏ బండి నడిపినా, భార్య సువార్త కూడా ఉంటే, ముందు వచ్చే ప్రతి గుంటనూ, ప్రతి స్పీడ్‌బ్రేకరునూ కేకేసి చెప్పేవాడు. "గుంట వస్తున్నది, గట్టిగ పట్టుకో." స్కూటరు కాలం నుంచీ అంతే. "నాకూ కళ్ళున్నాయండీ" అని సువార్త విసుక్కునేది. విసుక్కుంటూనే పట్టుకునేది.

సువార్తది నర్సాపురం అవతల ఒక లంక గ్రామం. సికింద్రాబాదులో ఎన్నేళ్ళు కాపురం చేసినా ఆమె మాటలో గోదావరి పోలేదు, అతని మాటలో కంటోన్మెంటు పోలేదు. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్తే ఆడపిల్ల పుట్టింది. ఫెయిత్ అని పేరు పెట్టి, పాదిరిగారు బాప్తిస్మం ఇచ్చిన వారానికే పిల్లకు జ్వరం వచ్చి పోయింది. ఊరి చర్చి వెనక సమాధుల తోటలో పెట్టారు. ఆ తర్వాత వాళ్ళకు పిల్లలు కలగలేదు.

ఏటా నవంబరు రెండున అక్కడ సమాధుల పండుగ. ఎక్కడెక్కడి వాళ్ళూ వచ్చి తమవాళ్ళ సమాధులు కడిగి, సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. పాదిరిగారు ఒక్కో సమాధి దగ్గరా ఆగి ప్రార్థన చేస్తారు. క్రిస్మస్‌కు పుట్టింటికి వెళ్ళినా మానినా, ఆ రోజుకు మాత్రం సువార్త అక్కడ ఉండి తీరేది. మూరెడు సమాధి, దానికెంత సున్నం పడుతుంది? అయినా సగం పూట దాని ముందు కూర్చుని కొట్టేది. కూలివాళ్ళనే కాదు, ఆర్థర్‌ను కూడా కుంచె ముట్టుకోనిచ్చేది కాదు. ఆ పిల్లకు తల్లిగా తాను చేయగలిగిన పని ఏడాదికి అదొక్కటే అనుకునేది.

అలాంటి మనిషికి వెన్నెముకలో కేన్సరు పట్టుకుంది. నిరుటి పండుగనాడు ఆసుపత్రి మంచం మీద ఉంది. పుట్టింటివాళ్ళు అంటూ ఆ ఊళ్ళో ఎవరూ మిగల్లేదు, తమ్ముడు లూకా కూడా సీతాఫల్‌మండిలోనే ఉంటున్నాడు. దాంతో ఫెయిత్ సమాధికి ఆ ఏడు సున్నం పడలేదు. అది నల్లబడిపోయి, గడ్డి మొలిచి, ఎవరిదో ఏమిటో తెలియకుండా పోతుందని సువార్త బెంగ. డాక్టరు ఆర్థర్‌ను బయటికి పిలిచి, ఈమె ఇంకో ఏడాది చూడదని చెప్పాడు. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఎవరినీ అడగలేదు.

"ఈసారి మాత్రం నన్ను మన పాప దగ్గరికి తీసుకెళ్ళండి" అంది, అంతే.

అప్పటికింకా నడుముకు బెల్టు కట్టుకుని కాసేపు కూర్చోగలిగేది. ఎండలు కూడా ముదరలేదు. "పండక్కే వెళ్ళాలనేం లేదండీ, ఇప్పుడే రైల్లో వెళ్ళొచ్చేద్దాం. నా చేత్తో సున్నం కొట్టేస్తే చాలు, తర్వాత సంగతి దేవుడు చూసుకుంటాడు" అని కూడా అంది.

లూకా ఒకవైపు, తానొకవైపు పట్టుకుని కింది బెర్తు మీద పడుకోబెడితే అయిపోయే పని. ఆర్థర్ తల అడ్డంగా ఊపాడు.

"రైల్ల నీకు తక్లీఫ్ అయితది. ఆ బాత్రూముల సంగతి తెల్వదా? నేనే తీస్కపోతా. ఇంట్ల పండుకున్నట్టు పండుకొని పోతవు, చూడు."

ఆసుపత్రివాళ్ళు అంబులెన్సు మాట ఎత్తితే ఈసారి సువార్తే వద్దంది. ఆమె తండ్రి ఆసుపత్రికి నడిచి వెళ్ళి అంబులెన్సులో శవమై తిరిగొచ్చాడు. "బతికుండగా నన్ను ఆ బండి ఎక్కించకండి" అని ఆర్థర్ చెయ్యి పట్టుకుంది. కూర్చోబెట్టి నచ్చజెబితే వినేదేమో. అతను నచ్చజెప్పలేదు. అప్పటికే అతని బుర్రలో చక్రాల మీది ఇల్లులాంటి క్యారవాన్ ఒకటి తయారవుతోంది.

మిలటరీ పాత సామాను వేలంలో నీళ్ళ ట్యాంకరు ట్రెయిలరు ఒకటి దొరికింది. ట్యాంకు తీసేయించి, కింది చట్రాన్ని కార్ఖానా బస్తీలో ఉన్న జమాలుద్దీన్ షెడ్డుకు చేర్చాడు. జమాలుద్దీన్ బండ్లకు బాడీలు కట్టే మనిషి. ఆర్థర్‌కు ఉద్యోగం నాటి స్నేహితుడు, సువార్తను చెల్లె అని పిలుస్తాడు.

"భాయ్, పైన ఫైబర్ షీట్ ఏద్దాం. హల్కా ఉంటది, లాగుడు ఆసాన్" అన్నాడు జమాలుద్దీన్.

"ఫైబర్ ఏందీ జమాల్ భాయ్, అప్పడం లెక్క! నీ చెల్లె పండుకునే బండి. బలంగుండాలె."

ఆ 'బలంగుండాలె' కొంప ముంచింది. గోడలకు ఇనుప రేకు వేయించాడు. నేలకు మందపాటి చెక్క, చెక్క మీద టైల్సు. కదిలే బండికి టైల్సు ఏమిటని అడిగినవాణ్ణి శత్రువును చూసినట్టు చూశాడు. సువార్త తండ్రి పడుకున్న టేకు మంచం ఎక్కించాడు. బాత్రూము, నీళ్ళ ట్యాంకు, ఫ్యానుకు బ్యాటరీలు ఎక్కించాడు. పక్కింటి విమలమ్మ చూడడానికి వచ్చి, "తోడు కూర్చునేవాళ్ళకో బల్ల ఉంటే బాగుండు అన్నయ్యా" అంటే, ఇనుప బల్ల అతికించాడు. చర్చివాళ్ళను పిలిచి ప్రార్థన కూడా పెట్టించాడు. పాదిరిగారు లోపలికెళ్ళి ప్రార్థన చేస్తుంటే వీధి పిల్లలు బయట చేరి, సినిమా షూటింగు బండి అనుకుని, ఏ హీరో వచ్చాడని అడుగుతున్నారు.

ప్రార్థనకు వచ్చినవాళ్ళంతా వెళ్ళాక జమాలుద్దీన్ గడ్డం గోక్కుంటూ అడిగాడు. "అంతా మంచిగనే ఉంది భాయ్. దీన్ని ఏ బండి లాగుతది?"

ఆర్థర్ క్యారవాను ముందుకు వెళ్ళి చూశాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ట్రెయిలరు తగిలించమంటే తగిలించాడు, దాని ముందు ట్రక్కు ఎప్పుడూ సిద్ధంగా నిలబడే ఉండేది. లాగేదాన్ని వెతుక్కోవడమనేది ఒక పనని అతనికి తట్టనే లేదు.

వెతకడం షురూ అయింది. చట్రం ముక్కుకున్న ఇనుప రింగు మిలటరీ ట్రక్కు కొండి ఎత్తుకు సరిపడా చేసినది. మామూలు కారు వెనక కొండి పెడితే అది మోకాలి దగ్గర, ఈ రింగు నడుము దగ్గర. దాని బ్రేకులు ట్రక్కు నుంచి గాలి అందితేనే పడతాయి. ఇవన్నీ ఆర్థర్‌కు తెలిసినవే, తెలిసి తెలిసి కట్టుకున్నవే. ఇంటి ముందున్న తన పాత వ్యాను ఈ బరువుకు పనికిరాదని, దాని వైపు అతను చూడను కూడా లేదు.

"నా బండి ఉంది కదా బావా, ఏనుగునైనా లాగుద్ది" అని లూకా తన పెద్ద కారు తెచ్చాడు. జమాలుద్దీన్ దాని వెనక ఎత్తుగా కొండి అతికించాడు. చదును రోడ్డు మీద చక్కగా లాగింది. లూకా మీసం దువ్వుకున్నాడు. దిగుడు వచ్చేసరికి వెనకున్న ఇల్లు ముందున్న కారును తోయడం మొదలెట్టింది. లూకా బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు. బండి ఆగలేదు. డివైడరుకు రాసుకుంటూ పోయి పోయి ఆగింది. లూకా దిగి, కారు పక్కన పడ్డ గీతలు తడిమి చూసుకున్నాడు. బావను ఒక్క మాట అనలేదు. అనుంటే ఆర్థర్‌కు కాస్త బాగుండేది.

ట్రాక్టరు చూశారు. లాగింది, ఆపింది. కానీ దాని నడకతో నర్సాపురం చేరేలోపు సువార్త తట్టుకోదు. వేలంలో పాత మిలటరీ ట్రక్కు కోసం తిరిగితే, వచ్చినవన్నీ తుక్కుకే గాని రోడ్డెక్కేవి కావు. రోజూ పొద్దున్నే బయల్దేరి, ఎవరో చెప్పిన బండి చూసొచ్చి, సాయంత్రం మంచం పక్కన కూర్చునేవాడు. "దొరికిందా?" అని సువార్త అడిగేది. "రేపొకటి చూస్తా" అనేవాడు. వానలు మొదలయ్యాయి. ఆ వానల్లోనే ఒకరోజు ఆమె బెల్టు తీసి పక్కన పెట్టింది, ఇక కూర్చోలేనంది. రైలు మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తదని ఆర్థర్‌కు తెలుసు. తాను బండ్లు చూస్తూ తిరిగిన రోజులన్నీ ఆమె కూర్చోగలిగిన రోజులని అప్పుడు అర్థమై, బయటికెళ్ళి, వానలో క్యారవానుకు ఆనుకుని ఏడ్చాడు.

చివరికి జమాలుద్దీనే ఒక లారీ పట్టుకొచ్చాడు. సిమెంటు తోలే లారీ, యజమాని తెలిసినవాడు. కొండి ఎత్తు కుదిరింది. గాలి గొట్టం కుదిరింది. ఆర్థర్ స్టీరింగు పట్టుకుని ఎక్కడం, దిగడం, ఆపడం అన్నీ చూసుకున్నాడు. అన్నీ బాగున్నాయి. అతని మొహంలో మళ్ళీ పాత గీర వచ్చింది. "చూసినవా? బండంటే ఇదీ!" అన్నాడు జమాలుద్దీన్‌తో.

ఆదివారం చర్చి అయ్యాక సువార్తను పక్కదుప్పటితో సహా ఎత్తి క్యారవానులో పడుకోబెట్టారు. ముందు ఒక పరీక్షగా తిరుమలగిరి చౌరస్తా దాకా వెళ్ళి రావాలని అనుకున్నారు. ఆమె కొత్త చీర కట్టించుకుంది. సున్నం పొట్లం, కుంచె తెప్పించి మంచం పక్క అరలో పెట్టించింది. విమలమ్మ తోడు కూర్చుంది. ఆర్థర్ లారీ ఎక్కి మెల్లగా కదిలించాడు. చాలా నెలల తర్వాత ఆ కాసేపే అతనికి గుండె తేలికపడింది.

ముందు స్పీడ్‌బ్రేకరు కనబడింది. "గట్టిగ పట్టుకో" అన్నాడు అలవాటుగా. అన్నాక పక్కకు చూస్తే ఖాళీ సీటు. ఆమె వెనక ఎక్కడో ఇనుప గోడల మధ్య ఉంది, అతని మాట ఆమెకు వినబడే దారి లేదు. చక్రం స్పీడ్‌బ్రేకరు గడ్డ మీదికి ఎక్కింది.

అతను కట్టిన ఇల్లు కార్లకు మోయలేని బరువు. కానీ నిండు నీళ్ళ ట్యాంకు కోసం చట్రం కింద వేసిన కమాన్ పట్టీల స్ప్రింగులకు అది ఒక బరువే కాదు. అవి కొంచెమైనా వంగలేదు. వచ్చిన దెబ్బను వచ్చినట్టే పైకి ఇచ్చాయి. రెండో గడ్డ దాటాక విమలమ్మ గోడను దబదబా బాదడం వినబడి ఆర్థర్ లారీ ఆపి పరుగెత్తాడు.

సువార్త మంచం మీదే ఉంది. పెదాలు కరుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. చాలాసేపటికి కళ్ళు తెరిచి అతన్ని చూసింది.

"మంచి బండేనండీ" అంది. "ఇంటికి తీసుకెళ్ళండి."

ఆ తర్వాత ఆమె ఏ పక్కకూ ఒత్తిగిల్లలేకపోయింది. వెన్నులో విరిగిన ఎముక ఎప్పుడో ఒకప్పుడు విరగాల్సిందేనని, ఈ ప్రయాణం వల్లే అనుకోవద్దని డాక్టరు చెప్పాడు. డాక్టరు మంచివాడు కాబట్టి అలా చెప్పాడని ఆర్థర్ నమ్మకం. ఇప్పుడు అంబులెన్సులో తీసుకెళ్తానని తానే అడిగాడు. ఇప్పుడు ఎందులోనూ కుదరదన్నాడు డాక్టరు.

"మీరెళ్ళి సున్నం కొట్టి రండి. నేను ఉంటాను" అంది సువార్త. ఎన్నడూ కుంచె ముట్టుకోనివ్వని మనిషి అన్న మాట అది. ఆమెను వదిలి కదల్లేకపోయాడు. "ఇంక టైముంది. ఇద్దరం పోదాం" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతనికే దాని మీద నమ్మకం లేదు. అయినా బండిని తేలిక చేయాలని ఉలీ సుత్తీ పట్టుకుని, ఇంటి ముందు నిలిపిన క్యారవానులో కూర్చుని, టైల్సు ఒక్కొక్కటే ఊడదీసేవాడు. ఎందుకని జమాలుద్దీన్ అడగలేదు. తానూ ఒక ఉలి తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు.

అక్టోబరు చివర ఒక మధ్యాహ్నం, ఆర్థర్ అలా టైల్సు ఊడదీస్తుండగా, విమలమ్మ వచ్చి క్యారవాను మెట్టు దగ్గర నిలబడి, "అన్నయ్యా" అంది. అతను సుత్తి కింద పెట్టి ఇంట్లోకి నడిచాడు.

ఫెయిత్ పక్కనే పెడదామన్నాడు లూకా. మర్నాడు పొద్దున ఫ్రీజర్ బాక్సు బండి వచ్చింది. చిన్న బండి. సందులోకి ఇట్టే వచ్చి, క్యారవాను పక్కనుంచి తిప్పుకుని, గుమ్మం ముందు నిలబడింది. ఆర్థర్ దాని చుట్టూ తిరగలేదు, రేకు మీద కొట్టి చూడలేదు.

"ఎప్పటికి చేరుతం?" అని మాత్రం అడిగాడు.

"పొద్దుగూకేలోపల దింపుతా సార్. రోడ్డు మంచిగుంది" అన్నాడు డ్రైవరు.

ఒక్క పగలు. ఆర్థర్ గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. బతికుండగా అంబులెన్సు ఎక్కించకండన్న ఆమె మాట ఒక్కటి మాత్రం నిలబడింది.

"ముందు కూర్చో బావా, వెనక నేనుంటాను" అన్నాడు లూకా. ఆర్థర్ వినలేదు. క్యారవానులోకి వెళ్ళి అరలోంచి సున్నం పొట్లం, కుంచె తెచ్చుకుని, వెనక ఫ్రీజర్ బాక్సు పక్కన ఇరుకు బల్ల మీద కూర్చున్నాడు. బండి కదిలింది. తిరుమలగిరి చౌరస్తాకు ముందు, డ్రైవరు వెనకున్న చిన్న అద్దంలోంచి అతనికి రోడ్డు కనబడింది. బాక్సు మీద చెయ్యి వేసి కొంచెం వంగాడు.

"సువార్తా, స్పీడ్‌బ్రేకర్ వస్తున్నది. గట్టిగ పట్టుకో."

బండి మెత్తగా దాటింది. దాటినట్టే తెలియలేదు. నర్సాపురం దాకా ప్రతి గుంటకూ అతను చెబుతూనే ఉన్నాడు.