పొద్దు కుంకకముందే ఇచ్చిన అజా

ఎన్నో ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. అదే గొంతుతో రోజుకు ఐదుసార్లు జనాన్ని నమాజుకు పిలిచాను. ఇక మోయలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

జగ్గయ్యపేటలో ఒక చిన్న మసీదులో అజా ఇచ్చేవాణ్ణి. అప్పటికింకా మైకు రాలేదు. పెద్దలు నమ్మి నా చేతికి గడియారం కట్టారు. రంజాన్ నెలలో నా పిలుపు వినబడ్డాకే మా పేటంతా ఉపవాసం విడిచేది.

మా అమ్మకు చక్కెర జబ్బు. రోజూ సూదిమందు పడాలి. ఉపవాసాలు వద్దని నందిగామ డాక్టరు గట్టిగా చెప్పాడు. జబ్బుమనిషికి మినహాయింపు ఉందని ఇమాం సాబూ చెప్పారు. వింటేగా! ఆ రోజు సూది వేయించుకుని మరీ రోజా పట్టి ఉపవాసం ఉంది. సాయంత్రానికి ఒంట్లో చక్కెర పడిపోయి ఒళ్ళంతా చెమటలు, చేతుల్లో వణుకు. మాట తడబడుతోంది. చక్కెర నీళ్ళు నోటిదగ్గర పెడితే మొహం తిప్పుకుంది.

"అజా వినపడందే చుక్క ముట్టనురా. నువ్వెళ్ళి నీ పని చూసుకో."

బలవంతంగా తాగించలేకపోయానా? ఇమాం సాబును పిలుచుకు రాలేకపోయానా? ఇవన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. అప్పుడు మాత్రం గ్లాసు చెల్లెలి చేతికిచ్చి మసీదుకు పరుగెత్తాను. మబ్బు పట్టి సూర్యుడు కనబడటం లేదు. గడియారంలో ఇంకా టైముంది. అజా ఇచ్చేశాను.

వరండాలో ఖాసిం తాత ఖర్జూరం నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. పగలంతా సున్నపుబట్టీ దగ్గర ఎండిపోయిన మనిషి, నా మాట నమ్మి, కాసేపట్లో పూర్తయ్యే ఉపవాసాన్ని తనకు తెలియకుండానే పోగొట్టుకున్నాడు. చెప్పి ఉంటే మరో రోజు ఉండి తీర్చుకునేవాడు. చెప్పలేదు.

ఇంతకన్నా సిగ్గుచేటు ఇంకొకటుంది. అందరూ తింటుంటే నేను ఓ మూల నిలబడి, గడియారం చూసుకుని, అసలు టైమయ్యాకే నీళ్ళు తాగాను. నా రోజా మాత్రం దక్కించుకున్నాను. ఎలాంటి మనిషిని నేను?

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ చక్కెర నీళ్ళు తాగి లేచి కూర్చుంది.

"ఇవాళ అజా తొందరగా అయిందేంట్రా?"

"లేదమ్మా, టైముకే ఇచ్చా."

"అల్లా దయ. ఈ రోజా కూడా నిలబడింది" అంది.

ఖాసిం తాత పోయాడు. అమ్మా పోయింది. ఆ రోజాను ఇక వాళ్ళెలా తీర్చుకుంటారు?

తౌబా చేసుకుని అల్లాను క్షమాపణ అడగాలంటే మళ్ళీ చేయనని మాటివ్వాలి. ఆ మాటే నోటికి రావడం లేదు. అమ్మ అలా వణుకుతుంటే మళ్ళీ పొద్దు కుంకకముందే అజా ఇస్తాను. ఈసారి మాత్రం వరండాలోకి వచ్చి నిజం చెబుతాను. చెబుతానా? ఏమో. మీకైతే చెప్పాను.