మేడమ్ నానబెట్టిన మాంసం

మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన హన్మాండ్లు పదేళ్లుగా దోహాలో ఒక కంపెనీ కార్మికుల క్యాంపు మెస్సులో వంటవాడు. 2012లో, చమురు, గ్యాసు సొమ్ముతో అక్కడ మేడ మీద మేడ లేస్తున్న రోజుల్లో, అదే కంపెనీలోని అమెరికన్ ఇంజనీరు ఇంటికి వంటమనిషి కావలసివచ్చింది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలోని ఆ విల్లాలో ఒక శుక్రవారం విందు సరిగా చేస్తే ఉద్యోగం అతనిది. లేకుంటే మళ్లీ క్యాంపే. క్యాంపులో ఆరుగురికి ఒక గది. ఇక్కడ వంటింటి వెనక తనొక్కడికే ఒక గది. అతని మనసంతా ఆ గది మీదే ఉంది.

విందు ఇంటావిడ పుట్టిపెరిగిన అమెరికాలోని జార్జియా పద్ధతిలోది. పర్మిట్ ఉన్నవాళ్లకే అమ్మే దుకాణం నుంచి తెచ్చిన పంది మాంసాన్ని ఆమె రెండు రోజులుగా మజ్జిగ, ఆవపిండి, వెల్లుల్లి, ముదురు రంగు చక్కెరలో నానబెట్టి ఉంచింది. హన్మాండ్లు ఆ మాంసం ఎన్నడూ తినలేదు. వండడానికి మాత్రం అభ్యంతరం లేదు. పక్క వంటకాల పొట్లాలు ఒక్కొక్కటే విప్పి వాసన చూశాడు. ఒకదానిలో ఊళ్లో ముద్దలా ఉడికించుకునే మొక్కజొన్న రవ్వ ఉంది.

"అరే నిజాం భాయ్, గిది మక్క గట్క రవ్వ! గివేమో బొబ్బర్లు! అమెరికోళ్లు గూడ గట్క తింటరా?"

తలుపు బయట నిలబడ్డ ఆ ఇంటి డ్రైవరు నిజాముద్దీన్, జగిత్యాల మనిషి, నవ్వాడు. "గట్క తప్పించుకుందామని సముద్రం దాటితివి. అదే నీకంటె ముందొచ్చి కూసుంది! పంది మాంసం ముట్టే నీ చేతి చాయ్ మాత్రం ఇయ్యాల నాకొద్దు, మాఫీ."

మధ్యాహ్నం హన్మాండ్లు మాంసం బయటికి తీశాడు. మాసినట్టు, జిగటగా ఉంది. చేతులు అలవాటు ప్రకారం నడిచాయి: ఉప్పు, పసుపు రుద్ది, నీళ్లు తేటగా వచ్చేదాకా మూడుసార్లు కడిగాడు. తళతళలాడే ముక్కను పళ్లెంలో పెట్టి సంతోషించాడు. అప్పుడు తూము దగ్గర ఆవ ఘాటు ముక్కుకు తగిలింది. రెండు రోజులు నానబెట్టిందంతా నీళ్లపాలైందని అర్థమైంది.

"కారం జర ఎక్కువెయ్యి, ఎవలకు తెలుస్తది?" అన్నాడు నిజాముద్దీన్.

చూసినవాళ్లు వేరే లేరు. శుక్రవారం కనుక ఆ దుకాణం మూసి ఉంటుంది. అయితే విందుకు ఇంకా ఐదు గంటలున్నాయి. ఇప్పుడు చెబితే మాంసం మళ్లీ నానడానికి కొంత సమయమైనా దక్కుతుంది. హన్మాండ్లు చేతులు తుడుచుకుని మేడమ్‌ను పిలిచి జరిగింది చెప్పాడు.

"ఎందుకు కడిగావు?"

"కడుగని మాంసం పొయ్యిమీద పెట్టం మేడమ్," అన్నాడు, క్యాంపులో నేర్చిన ఇంగ్లీషులో.

ఆమె మిగిలిన మజ్జిగ, ఆవపిండి మళ్లీ పట్టించింది. "ఈ టైమ్ చాలదు. మిగతావి నువ్వు చూసుకో."

అతను గట్కను పాలతో, వెన్నతో ఆమె చెప్పినట్టే ఉడికించాడు. గరిటె ఆపకుండా తిప్పడం మాత్రం తన తల్లి దగ్గర నేర్చింది. ఒక్క ఉండ కట్టలేదు. బొబ్బర్లు వేలితో నొక్కితే మెదిగేలా ఉడికాయి.

సాయంత్రం మాంసం సగం పళ్లెంలోనే తిరిగివచ్చింది. గట్క గిన్నె మాత్రం ఎవరో గీకి గీకి తిన్నారు.

అతిథులు వెళ్లాక మేడమ్ తీర్పు చెప్పింది. "మాంసం చప్పగా ఉంది. తప్పు నీదే. నువ్వు చెప్పకపోయి ఉంటే అది నాకు అందరి ముందూ తెలిసేది. రేపు పెట్టె తెచ్చుకో. కొన్నాళ్లు మాంసం నేనే వండుతాను, నువ్వు చూసి నేర్చుకో."

మర్నాడు క్యాంపు నుంచి వస్తూ కారులో హన్మాండ్లు అడిగాడు: "కడుగకుంటె నీసు వాసన ఎట్ల పోతదే, భాయ్?"

"నన్నడుగుతవేంది? ఆమెనే అడుగు పో," అని నిజాముద్దీన్ విల్లా గేటు ముందు బండి ఆపాడు.

హన్మాండ్లు పెట్టె దించుకుని, అడగడానికే లోపలికి నడిచాడు.