ఎస్తేరు టీచర్ చెప్పిన బంగ్లా

నల్లగొండ నుంచి మోత్కూరు పోయే దారిలో ఒక హోటలాయన ఈ మధ్య రేకుల షెడ్డు పీకేసి తాటికమ్మల పందిరి వేయించాడు. పట్నం నుంచి వచ్చేవాళ్ళకు అలాంటివే నచ్చుతున్నాయట. మొన్న తొలకరి వాన మొదలైన వేళకు మా బస్సు అక్కడ ఆగింది. ఎండిన కమ్మల మీద మొదటి చినుకులు పడితే ఒక వాసన వస్తుంది. కాస్త పొగ, కాస్త మట్టి, పాత గడ్డివాము కలిసినట్టుంటుంది. కిటికీ లోంచి ఆ వాసన తగిలేసరికి నేను పెరిగిన ఇల్లు, ఆ ఇంటి చూరు కింద నుంచి తల వంచి లోపలికి వచ్చిన ఎస్తేరు టీచర్ కళ్ళముందు నిలిచారు.

మాది మోత్కూరు పక్కన ఒక పల్లె. బాపు గొర్లు కాసేవాడు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మా బడిలో ఇంగ్లీషు మీడియం పెట్టారు. అప్పటిదాకా తెలుగులో చదివిన నేను ఎనిమిదో తరగతిలో అందులో చేరాను. బాపే పట్టుబట్టి చేర్పించాడు. మాకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన మనిషి ఎస్తేరు టీచర్. పొట్టిగా, నల్లగా, చేతికి గడియారం తప్ప ఇంకే నగా లేకుండా ఉండేది. ఆమె తల్లిదండ్రులు ఊరి చివర వాడలో ఉంటూ ఇతరుల పొలాల్లో కూలికి పోయినవాళ్ళు. ఆ సంగతి ఆమె దాచేది కాదు, అలాగని మాటిమాటికీ చెప్పుకునేది కూడా కాదు.

ఒకరోజు పాఠం చదవమని నన్ను లేపింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ నాలుగు వాక్యాలు దాటాను. తర్వాత బంగళా అనే మాట వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో దాన్ని నేనెప్పుడూ చూడలేదు. ధైర్యం చేసి గట్టిగా "బుంగలో" అన్నాను. తరగతి మొత్తం గొల్లుమంది. వెనక బెంచీ నుంచి ఒకడు, బుంగలో ఏమున్నదని అడిగాడు. మంచినీళ్ళని ఇంకొకడు, కల్లు అని మరొకడు. నా చెవులు మండిపోయాయి. పుస్తకం అక్కడే పడేసి బయటికి నడిచాను. నాలుగు రోజులు తిరిగేసరికి ఊళ్ళో చిన్నపిల్లలు కూడా నన్ను బుంగ అనే పిలుస్తున్నారు. ఇక బడికి పోనని, గొర్ల వెంట పోతానని బాపుకు చెప్పాను. బాపు కొట్టలేదు, తిట్టలేదు. అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి నేరుగా టీచర్ మా ఇంటికి వచ్చింది. మట్టి గోడలు, తాటికమ్మల కప్పు, పక్కనే గొర్ల దొడ్డి. మా చూరు ఎంత కిందికి ఉండేదంటే కొత్తవాళ్ళకు తప్పకుండా తల తగిలేది. ఆమెకు తగల్లేదు. అలాంటి ఇళ్ళలోకి ఎలా పోవాలో ఆమె నడుముకు తెలుసు. కుర్చీ కోసం అమ్మ పక్కింటికి పోబోతే ఆపి, బాపు పరిచిన గొంగడి మీద కూర్చుంది. నేను నీళ్ళ గాబు వెనక నిలబడ్డాను.

బడి ఊసు ఎత్తలేదామె. ఊరి నడుమ దొర ఇంటిని మీరేమంటారని మా అవ్వను అడిగింది.

"బంగ్ల అంటం. ఏమనాలె?" అంది అవ్వ. "అది కట్టేటప్పుడు గోడలకు మట్టి మోసిన బిడ్డా. కట్టినంక ఒక్కనాడు లోపటికి పోలే."

 తన తల్లి కూడా అలాంటి ఒక ఇంటి ముందు వాకిలి ఊడ్చేదని, గడప మాత్రం దాటలేదని టీచర్ చెప్పింది. తర్వాత నావైపు చూడకుండానే నాకు వినపడేలా అవ్వతో చెప్పసాగింది.

"గా బంగ్ల అన్న మాట యాడికెల్లి వచ్చిందో ఎర్కేనా అవ్వా? బంగాల్ దేశం లేదా, ఆడ పల్లెలల్ల గడ్డి కప్పుకున్న ఇండ్లుండేటియి. మీ ఇల్లు తీరుగనే, చూరు కిందికి దిగి. హిందీల బంగ్లా అంటె బంగాల్‌ది అని. ఇంగ్లీషోల్లు ఓడలల్ల వచ్చి మొదలు గసొంటి ఇండ్లల్లనే ఉన్నరు. ఇల్లు నచ్చింది, పేరు గూడ తీస్కపోయిన్రు. ఆల్ల నోట్లె పడి అది జర మారింది. ఎనుకసిరి పెద్దపెద్ద ఇండ్లకు అదే పేరు పెట్టుకున్నరు."

అవ్వ తల పైకెత్తి మా కప్పు వంక చూసింది. పొగకు నల్లబడిన కమ్మల్ని కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"అయితె పేరు గుడిసెదేనా?"

"గుడిసెదే."

"మట్టి మేము మోస్తిమి, పేరు గూడ మాదేనాయె," అంది అవ్వ. అని నవ్వింది. బాపు కూడా నవ్వాడు. ఆ వారంలో ఆయన నవ్వడం అదే మొదలు.

పోతూ పోతూ గాబు దగ్గర ఆగి, "రేపు వస్తవా?" అని మాత్రం అడిగింది టీచర్. నేను తల ఊపాను.

మర్నాడు బంగ్లా మాట కథను, దాని మీద అవ్వ అన్న మాటను టీచర్ నన్ను తరగతికి చెప్పమంది. ముందు మా ఇంటి మాటల్లో చెప్పాను. ఆ తర్వాత ఆమె ఒక్కొక్క ఇంగ్లీషు మాట అందిస్తుంటే దాన్నే ఇంగ్లీషులో చెప్పాను. వెనక బెంచీవాడు చెయ్యెత్తి, అట్లయితే మన దిక్కు మిద్దె మీద మిద్దె ఉంటేనే బంగ్లా అని ఎందుకంటారని అడిగాడు. టీచర్ ఆలోచించి, తనకు తెలియదంది. తెలియదని చెప్పిన టీచర్‌ను మేము అంతకుముందు చూడలేదు. మాట ఊరూరు తిరిగినప్పుడు ఏ ఊళ్ళో ఏ బట్ట కట్టుకుంటుందో అందరం కలిసి వెతుకుదామంది. బుంగ అనే పేరు వెంటనే పోలేదు. ఎండాకాలం దాకా అంటూనే ఉన్నారు. కానీ నేను చదవడానికి లేవడం మానలేదు.

ఆమెకు తర్వాత పాలమూరు వైపు బదిలీ అయింది. నాకు ఇంగ్లీషు టీచర్‌గా ఉద్యోగం వచ్చాక వెతుక్కుంటూ మహబూబ్‌నగర్ పోయాను. అప్పటికి రిటైరై కూతురి దగ్గర ఉంటోంది. మేడ మీద గది. మోకాళ్ళ నొప్పులతో బంగ్లా ఎక్కి దిగడమే కష్టంగా ఉందని నవ్వింది. ఛాయ్ తాగుతూ, ఆనాడు మా ఇంటికి రాకపోతే నేను గొర్లకాడే ఉండేదాన్నని అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"నేనెందుకొచ్చిన్నో నీకు తెల్వది బిడ్డా. నువ్వు బుంగలో అన్నప్పుడు నాకు గూడ నవ్వొచ్చింది. నవ్విన."

"నేను సూడలే టీచర్."

"నువ్వు సూడలే. నేను సూసుకున్న. తప్పయిందని చెప్పనీకే వచ్చిన. మీ అవ్వ, మీ బాపు ముందర నోరు రాలే. గందుకే గా మాట ముచ్చట ఎత్తుకున్న."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇన్నేళ్ళూ ఆమెను ఎన్నడూ తప్పు చేయని మనిషిగా గుండెలో పెట్టుకున్నాను. నిజం విన్నాక ఆమె చిన్నదైపోలేదు. ఒక పిల్ల మనసు నొచ్చిందని, తానూ అందులో ఉన్నానని ఎండలో నడిచి వచ్చిన మనిషి మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ఇప్పుడు నా తరగతిలోనూ పిల్లలు తప్పులు చదువుతారు. కొన్నిసార్లు నాకూ నవ్వు వస్తుంది. అప్పుడు ముందు నన్ను నేను చూసుకుంటాను. ఏ పిల్లయినా రెండు రోజులు రాకపోతే వాళ్ళింటికి పోతాను. పోయిన వారం అలాగే ఒక ఇంటికి పోయాను. పిల్ల తలుపు వెనక దాక్కుంది. వాళ్ళమ్మ సిగ్గుపడుతూ, బయటికి రాదు మేడం, మీరు పోండి అంది. తొందరేం లేదమ్మా అని చెప్పి కూర్చున్నాను.