పాకు అనే మాట

ఆయన్ని అందరూ చీటీల మాస్టారు అనేవారు. నిఘంటువు కార్యాలయంలో ఇరవై ఆరేళ్లుగా ఆయన పని ఒక్కటే: ఒక్కో మాటకున్న అర్థాలూ, జనం దాన్ని వాడే తీరూ అరచేయంత చీటీల మీద రాసి చెక్కపెట్టెల్లో సర్దడం. ఎదుటివాళ్ల మాటలో తప్పు దొర్లితే ఊరుకునేవాడు కాదు. "మీ బావగారితో మాట్లాడడమంటే పరీక్షకి కూర్చోడమే" అని ఆయన భార్య తన చెల్లెలితో నవ్వేది. ఆమె ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది.

ఆ ఏడు 'పాకు' ఆయన వంతుకొచ్చింది. పసిపిల్ల పాకుతుంది. తీగ పందిరి మీదికి పాకుతుంది. గచ్చు మీద నాచు, ఎండుగడ్డిలో నిప్పు, నలుగురి నోళ్లలో పుకారు, అన్నీ పాకేవే. ఒకచోట పుట్టి, పెరిగి, పక్కచోటికి చేరే వాటన్నిటికీ ఈ ఒక్క చిన్నమాట సరిపోతోందే అని మురిసిపోయాడు. నాలుగు రోజుల్లో పదకొండు చీటీలు రాశాడు.

ఐదో రోజు భార్యను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రెండేళ్ల కిందట ఆమెకు రొమ్ములో గడ్డ తీశారు. ఇప్పుడు నడుము నొప్పి. డాక్టరమ్మ స్కాను ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, "ఎముకలకి పాకిందండీ" అంది.

భార్యే అడిగింది.

"ఇంకెక్కడికైనా పాకిందా అమ్మా?"

"కాలేయంలో కూడా కనిపిస్తోంది."

ఇక రోగం అర్థానికి చీటీ ఒక్కటే మిగిలింది. ఆయన రాయలేదు. నెల గడిచింది.

"మాస్టారూ, మీ ఒక్క మాట కోసం అచ్చు ఆగింది" అన్నాడు సంపాదకుడు.

"ఆ అర్థం అంతగా వాడుకలో లేదండీ."

మాటల విషయంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. సంపాదకుడు ఆయన మొహం చూసి, ఇంకో వారం గడువిచ్చి వెళ్లాడు.

ఇంట్లో చొక్కా జేబులోని ఖాళీ చీటీ భార్య కంటపడింది. సంగతంతా రాబట్టింది.

"రాయకపోతే జబ్బు ఆగుతుందా, మీ పిచ్చిగానీ! పెన్ను తియ్యండి. 'జబ్బు ఎముకలకు పాకినా ఆమె మిషను తొక్కడం మానలేదు.' ఊఁ, రాయండి."

"నువ్వు మానేసి నెలయిందిగా" అన్నాడు అలవాటుకొద్దీ.

"ఉదాహరణే కదండీ, ఒట్టేమీ కాదుగా!"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆయనకు ఏడుపొచ్చింది. అలాగే రాశాడు.

వానలు మొదలయ్యాక ఆమె పోయింది.

మరుసటి ఏడు పుస్తకం వచ్చింది. 'పాకు' కింద చివర రోగం అర్థం ఉంది, ఉదాహరణ లేదు. చోటు చాలక తీసేశామని సంపాదకుడు నొచ్చుకుంటూ చెప్పాడు.

"పర్లేదండీ. ఆ చీటీ ఒక్కటి ఇప్పిస్తారా?"

అచ్చయిన అక్షరాల చీటీలన్నీ అప్పటికే పాతకాగితాలవాడికి వేసేశారట.

మాస్టారు సెలవు చెప్పి ఇంటికొచ్చి, ఆ వాక్యం మళ్లీ రాయబోయాడు. 'జబ్బు ఎముకలకు పాకినా ఆమె మిషను' వరకూ వచ్చింది. ఆమె 'తొక్కడం' అందో, 'కుట్టడం' అందో ఎంతకీ తేల్చుకోలేకపోయాడు. అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు.