చివరి పేజీలో గొడుగు

రాజక్కకు అక్షరం ముక్క రాదు. అయినా వర్ధన్నపేట దగ్గరి ఆ అంగన్‌వాడీలో పిల్లలకు బొమ్మల పుస్తకం చెప్పేది ఆమే. చెప్పాల్సిన అరుణ టీచరుకు ఫోనులో పిల్లల బరువులూ ఎత్తులూ ఎక్కించేసరికే తల ప్రాణం తోకకొస్తుంది. అందుకని వంట చేసి, ముక్కులు తుడిచి, గుడ్ల పెంకులు ఒలిచే ఆయా చేతికే పుస్తకమూ వచ్చింది.

అది రాకెట్ పుస్తకం. పన్నెండు పేజీలు. అట్ట ఊడితే సూదీ దారంతో కుట్టింది కూడా రాజక్కే. బొమ్మల కింద ఏం రాసుందో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలన్న ఫికరూ లేదు. బొమ్మ చూసి కథ కట్టేస్తుంది. తెల్లంగీల వాళ్లు రాకెట్ ఎక్కుతారు, చందమామ మీద కూర్చుని సద్ది విప్పుకుంటారు, చివరి పేజీలో పెద్ద గొడుగు కింద వేలాడుతూ సముద్రంలో దిగుతారు. అక్కడ రాజక్క పుస్తకం ఎత్తి పట్టేది.

"పైకి పోయినోళ్లు మల్లొచ్చిండ్రు! కొట్టుండ్రి సప్పట్లు!"

పదేళ్లుగా ఎన్ని జతల చేతులు కొట్టాయో లెక్కలేదు.

శ్రావణంలో నాలుగేళ్ల మానస వాళ్ల అమ్మ జ్వరంతో దవాఖానాలో చనిపోయింది. దినాలయ్యాక మళ్లీ వచ్చిన పిల్ల ఏడవలేదు. రోజూ ఆ పుస్తకమే తెచ్చి రాజక్క ఒళ్లో పెట్టేది. చప్పట్లు అందరికన్నా గట్టిగా కొట్టేది. పసిపిల్లలు తొందరగా మరిచిపోతారులే అనుకుంది రాజక్క. ఒక తల్లి అయ్యుండి అలా ఎలా అనుకుందో!

ఒకరోజు మానసను తీసుకెళ్లడానికి వచ్చిన నాయనమ్మ కట్టమ్మ గడపలోనే కూలబడింది.

"ఏం జెయ్యాల్నో సమజైతలేదు రాజక్కా. మీ అమ్మ పైకి పోయింది బిడ్డా అని చెప్పిన. ఇగ రోజు గుడ్డు తినకుంట గౌను జేబుల పెట్టుకొస్తాంది. అమ్మకు ఆకలైతదట. వాకిట్ల కూసొని మొగులు దిక్కే సూస్తాంది. గొడుగుల దిగుతదట."

గొడుగు అన్న మాటకు రాజక్క చూపు రాకెట్ పుస్తకం మీదికి పోయింది.

ఎదురుచూపంటే ఏమిటో ఆమెకు తెలుసు. మిరప తోటల్లో కూలికి పోయే రోజుల్లో తొమ్మిదేళ్ల కూతురు స్రవంతి కాలువలో పడి చనిపోయింది. ఊళ్లో ఒక్కరూ నిజం చెప్పలేదు. "జర జ్వరమొచ్చింది, దవాఖానల ఉంది" అన్నారు. రాజక్క జావ కాచి, గిన్నె మీద మూత పెట్టి, ఆటో చప్పుడైనప్పుడల్లా వాకిట్లోకి పరిగెత్తింది. తెల్లారాక గానీ అసలు సంగతి తెలియలేదు. బిడ్డ పోవడం తన రాత అని ఎలాగో సరిపెట్టుకుంది. ఆ జావ కాయించిన వాళ్లను మాత్రం ఈనాటికీ క్షమించలేదు.

మర్నాడు అన్నాలయ్యాక మానస పుస్తకం తెచ్చి రాజక్క ఒళ్లో కూర్చుంది. రాజక్క చివరి పేజీ దాకా చెప్పి ఆగింది. చప్పట్లకు లేచిన చిన్న చేతులు పట్టుకుంది.

"బిడ్డా, ఈళ్లు రాకెట్ల పోయిండ్రు, గందుకే ఒచ్చిండ్రు. మీ అమ్మ రాకెట్ల పోలే. సచ్చిపోయింది. సచ్చిపోయినోళ్లు రారు."

మానస గొడుగు బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఎన్నడు రారా?"

"రారు బిడ్డా."

"మరి సప్పట్లెందుకు కొట్టమన్నవ్ ఆయమ్మా?"

పదేళ్లుగా ఆ పేజీ దగ్గర తాను ఎవరి కోసం చప్పట్లు కొట్టించిందో రాజక్కకు అప్పుడే తెలిసొచ్చింది.

మానస జేబులోంచి గుడ్డు తీసింది. అప్పటికే చితికిపోయి గౌను దారాలు అంటుకున్నాయి.

"మరి గిది ఎవలు తినాలె?"

"నువ్వే తిను, నా తల్లి."

రాజక్క దారాలు ఒక్కొక్కటే తీసి, ఉప్పు అద్ది చేతికిచ్చింది. పిల్ల ఒక ముక్క కొరికి బావురుమంది. ఏడుస్తూనే గుడ్డంతా తిన్నది. రాజక్క ఆమెను ఒళ్లోంచి దించలేదు.